పక్షులను చదువుకోవాలంటే ఏ డిగ్రీలో చేరాలి?

బడి చదువు ముగించుకుని, ఇక పక్షుల గురించే చదవాలని గట్టిగా అనుకున్నవారు మొదట చేసే పని ఒకటుంది. విశ్వవిద్యాలయాల కోర్సుల జాబితాల్లో ‘పక్షిశాస్త్రం’ అనే మాట కోసం వెతుకుతారు. చాలామందికి అది దొరకదు. వైద్యానికీ న్యాయశాస్త్రానికీ ఉన్నట్టు పక్షిశాస్త్రానికి విడిగా డిగ్రీ ఉండటం ప్రపంచంలో ఎక్కడైనా చాలా అరుదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ అలెన్ 1915లోనే పక్షిశాస్త్ర ప్రయోగశాలకు పునాది వేశారు. ఈ రంగంలో అంత పేరున్న సంస్థలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అక్కడ కూడా పక్షుల మీద మనసుపడి డిగ్రీ చదివే విద్యార్థులు సాధారణంగా చేరేది జీవశాస్త్రంలోనో పర్యావరణ శాస్త్రంలోనో.

దీన్ని లోటుగా అనుకోవద్దని నా మనవి. పక్షిని అర్థం చేసుకోవడానికి ఒక్క శాస్త్రం చాలదు. మనం పీల్చిన గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పక్షి ఊపిరితిత్తుల్లో మాత్రం, పీల్చినా వదిలినా, గాలి ఒకే దిక్కుగా సాగుతుంది. ఆ ఏర్పాటును తెలుసుకోవాలంటే శరీరధర్మశాస్త్రం కావాలి. కోయిల ఇతర పక్షుల గూట్లో గుడ్డు పెట్టే అలవాటు ఎలా పుట్టిందో తెలియాలంటే పరిణామశాస్త్రం కావాలి. ఒక చిత్తడినేలలో బాతులు పదేళ్లలో నిజంగా తగ్గాయా, లేక మనం లెక్కపెట్టిన తీరు మారిందా అన్నది తేల్చడానికి గణాంకశాస్త్రం తప్ప వేరే దారి లేదు. కాబట్టి అడగవలసిన ప్రశ్న ‘పక్షిశాస్త్రం డిగ్రీ ఎక్కడ ఉంది?’ అని కాదు. ‘నేను ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్లాలి?’ అని.

విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఈ విషయంలో సలహా చెప్పవలసిన అవసరం నాకు తరచూ వస్తుంది. ఇన్నేళ్లలో నాకు కుదిరిన అభిప్రాయం ఇది: పట్టా మీద ఏ పేరు ఉన్నదన్న దానికన్నా, చదువు పూర్తయ్యేలోగా మీ చేతుల మీదుగా పక్షుల గురించి ఒక సొంత పరిశీలన మొదలై, ముగిసి, కాగితం మీదికి వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. కింద చెప్పే ప్రతి దారినీ నేను ఆ కొలతతోనే చూస్తాను.

ముందు మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న

2022లో ఒక గాడ్‌విట్ పక్షి అలాస్కాలో బయలుదేరి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా 11 రోజులు ఎక్కడా ఆగకుండా ఎగిరి, ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మానియాలో దిగింది. వెంట ఉన్న చిన్న ట్రాన్స్‌మిటర్ లెక్క ప్రకారం అది ఎగిరిన దూరం సుమారు 13,560 కిలోమీటర్లు. అప్పటికి దాని వయసు దాదాపు అయిదు నెలలు. నీటి మీద వాలి విశ్రాంతి తీసుకోగల పక్షి కాదది.

ఇది చదవగానే మీ మనసులో మొట్టమొదట లేచిన ప్రశ్నను పట్టుకోండి. ‘అన్ని రోజులు తిండి లేకుండా దాని ఒళ్లు ఎలా ఓర్చుకుంది?’ అనిపించినవారు జంతుశాస్త్రం వైపు, శరీరధర్మం వైపు మొగ్గుతున్నారు. ‘ముందెన్నడూ వెళ్లని దారి దానికి ఎలా తెలిసింది?’ అనిపిస్తే మీది ప్రవర్తనాశాస్త్రం, నాడీశాస్త్రం. ‘అది దిగే తీరం రేపు కట్టడాల కింద పోతే ఏమవుతుంది?’ అని దిగులు కలిగితే జీవావరణం, సంరక్షణ. ‘అంత చిన్న పరికరం ఆ లెక్కను ఎలా పంపింది, దాన్ని ఎలా నమ్మడం?’ అనే ఆలోచన వస్తే కంప్యూటర్లు, గణాంకాలు. ‘దిగాక అది కోలుకుందా?’ అని ఆరాటపడితే పశువైద్యం. ఈ ప్రశ్నలన్నీ మంచివే. మొదట వచ్చినది మీ స్వభావాన్ని చెబుతుంది. మూడు నాలుగేళ్ల చదువును చివరిదాకా లాక్కెళ్లేది ఆ స్వభావమే.

జంతుశాస్త్రం, జీవశాస్త్రం

ఎటూ తేల్చుకోలేనివారికి నేను మొదట సూచించేది ఇదే. కణం, జన్యువు, పరిణామం, దేహనిర్మాణం అన్నీ వరసగా వస్తాయి. వెన్నెముక లేని జీవులతో ఒక ఏడాదంతా గడపాల్సి వస్తే విసుగు పుట్టవచ్చు. కానీ పురుగుల సంగతి తెలియకుండా పురుగులు తినే పిట్టల సంగతి తెలియదు కదా.

ఈ దారిలో ఉన్న అసలైన లాభం, పక్షిని కాలంలో వెనక్కి వెళ్లి చూడటం నేర్పడం. 2014లో అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి 48 రకాల పక్షుల జన్యుక్రమాలను సరిపోల్చి ఒక వంశవృక్షాన్ని గీశారు. ముక్కు, గోళ్లు, వేటాడే తీరు చూసి ఫాల్కన్‌ను గద్దలతో కలిపి లెక్కించడం పాత అలవాటు. జన్యువుల ప్రకారం చూస్తే ఫాల్కన్ గద్దలకన్నా చిలుకలకూ పిచ్చుకలకూ దగ్గరి చుట్టం. కంటికి కనిపించే పోలికను ఎంతవరకు నమ్మాలో ఇలాంటి ఫలితాలు నేర్పుతాయి. ఆ చూపు మంచి జంతుశాస్త్ర విభాగంలో అలవడినంత బలంగా మరోచోట అలవడదు.

ఇక్కడొక హెచ్చరిక. జంతుశాస్త్రం అనే పేరు ఉన్నా, అధ్యాపకులందరూ కణాల మీద, ప్రొటీన్ల మీద పనిచేసేవారే అయిన విభాగాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట విద్యార్థి మొత్తం డిగ్రీని గది దాటకుండా పూర్తిచేయగలడు. ఆ చదువు తక్కువదని కాదు. కానీ తెల్లవారుజామున చెట్ల కింద నిలబడాలని వచ్చినవారికి అది ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. చేరకముందే అధ్యాపకుల పేర్లు తీసి, గత అయిదేళ్లలో వారు ఏ జీవుల మీద పరిశోధన వ్యాసాలు రాశారో చూడండి. పక్షుల మీద కాకపోయినా, బయట తిరిగే జీవుల మీద పనిచేసేవారు ఇద్దరైనా ఉంటే చాలు. బల్లుల మీద పనిచేసే అధ్యాపకుడి దగ్గర పక్షుల ప్రాజెక్టు చేసి బాగా పైకి వచ్చినవారు నాకు తెలుసు. లెక్కపెట్టే పద్ధతి, అనుమానించే పద్ధతి అన్ని జీవులకూ ఒకటే.

జీవావరణశాస్త్రం, వన్యప్రాణి సంరక్షణ

పక్షిప్రేమికులను ఎక్కువగా ఆకర్షించేది ఈ పేరే. ఇక్కడ బయట తిరిగే రోజులు ఎక్కువ. జాతుల గుర్తింపు, గణన, ఆవాసాల పటాలు, చట్టాలు, సంరక్షణ ప్రణాళికలు ఉంటాయి.

ఈ దారి మీకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి, తరవాత గుర్తుపట్టడానికి పక్షుల కాలికి ఉంగరం తొడిగే శిబిరంలో ఒక ఉదయం గడిపితే చాలు. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు స్టార్లింగ్ అనే పిట్టల కాళ్లకు అల్యూమినియం ఉంగరాలు తొడగడంతో మొదలైన ఈ పద్ధతి నేటికీ పెద్దగా మారలేదు. చీకటితోనే లేచి, కంటికి ఆనని సన్నని వలలను కర్రల మధ్య కట్టాలి. వల దగ్గరికి మాటిమాటికీ వెళ్లి చూస్తూ ఉండాలి. ఎండ ముదిరితే మూసేయాలి. చిక్కిన పిట్టను విడిపించేటప్పుడు, అది ఏ వైపు నుంచి వలలో పడిందో ముందు కనిపెట్టి, కాళ్లనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పోగునూ తప్పిస్తారు. బట్టసంచిలో వేసి బల్ల దగ్గరికి తెస్తారు. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య మెడ ఉండేలా, వీపు అరచేతికి ఆనేలా పట్టుకోవాలి. బిగిస్తే ఊపిరాడదు, వదులైతే ఎగిరిపోతుంది. ఎనిమిది తొమ్మిది గ్రాముల ప్రాణం. గుండె కొట్టుకోవడం విడివిడి దెబ్బలుగా కాదు, ఒక సన్నని వణుకులా వేళ్లకు తెలుస్తుంది. గొంతు కింద ఈకల మీద మెల్లగా ఊదితే అవి పక్కకు తొలగి, పలచని చర్మం కింద పసుపుపచ్చని కొవ్వు కనిపిస్తుంది. ఆ గుంట నిండి ఉంటే అది దూర ప్రయాణానికి సిద్ధంగా ఉన్నదని అర్థం. గాడ్‌విట్ 11 రోజులు ఎగిరింది ఇలాంటి కొవ్వు మీదే. రెక్క పొడవు కొలిచి, తూచి, రాసుకుని, అరచేయి తెరిచి వదిలేస్తారు.

ఉంగరాల పనికి శిక్షణ, అనుమతి రెండూ తప్పనిసరి. ముందు నెలల తరబడి పక్కన నిలబడి అంకెలు రాయడమే మీ పని. ఆ రాయడంలో కూడా మీకు ఆనందం దొరికితే ఈ దారి మీదే. మొదటి ఉదయమే విసుగు పుడితే సిగ్గుపడవలసింది లేదు. పక్షులను ప్రేమించడానికి మరో నాలుగు దారులు ఉన్నాయి.

ఈ రకం డిగ్రీలను ఎంచుకునేటప్పుడు పేరు వెనక ఏముందో జాగ్రత్తగా చూడాలి. కొన్ని కోర్సుల్లో సంరక్షణ అంటే విధానాలు, చట్టాలు, సమాజంతో కలిసి పనిచేయడం. మరికొన్నింటిలో జనాభా లెక్కలు, నమూనాల ఎంపిక, గణాంక విశ్లేషణ. రెండూ కావలసినవే. కానీ గణాంకాలు బొత్తిగా లేని సంరక్షణ డిగ్రీని నేను ఎవరికీ సూచించను. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో 1947 నుంచి గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల గూడుపెట్టెలను ఏటా తెరిచి చూస్తూ వస్తున్నారు. ఆ పిట్టలు గుడ్లు పెట్టే తేదీ అర్ధ శతాబ్దంలో సుమారు రెండు వారాలు ముందుకు జరిగిందని తేలింది. వసంతం త్వరగా వెచ్చబడటం, గొంగళిపురుగులు ముందే రావడం దానికి కారణాలు. పెట్టెలు తెరిచిన చేతులు ఎన్నో ఉండవచ్చు. ఆ తేదీలను వరసగా పేర్చి, వాతావరణంతో ముడిపెట్టి, ఇది యాదృచ్ఛికం కాదని చూపించగలిగినవారి వల్లే వాటికి అర్థం వచ్చింది.

పశువైద్యం

గాయపడిన పిట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న జ్ఞాపకం ఉన్నవారు ఇటు చూస్తారు. నిజాయితీగా చెప్పాలంటే ఇది పొడవైన దారి, ఖర్చుతో కూడిన దారి. అందులో పక్షుల పాఠం ఎక్కువగా కోళ్ల చుట్టూ తిరుగుతుంది. అడవి పక్షుల వైద్యం డిగ్రీ తరవాత విడిగా నేర్చుకోవలసిందే. కుక్కలు, ఆవులు, గుర్రాల మీద కూడా మనసు పెట్టగలిగితేనే చేరండి.

అయితే పక్షులకు ఈ శాస్త్రం చేసిన మేలు చాలా గొప్పది. 1990లలో దక్షిణాసియాలో రాబందులు గుంపులు గుంపులుగా చనిపోవడం మొదలైంది. తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా మాయమయ్యాయి. తెగులు అనుకున్నారు, పురుగుమందులు అనుకున్నారు. చనిపోయిన పక్షులను కోసి చూస్తే లోపలి అవయవాల మీద తెల్లని పూత, దెబ్బతిన్న మూత్రపిండాలు కనిపించాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలను తిన్న రాబందులకు విషమవుతున్నదని 2004లో వెలువడిన పరిశోధన రుజువు చేసింది. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించాయి. బైనాక్యులర్లు పట్టుకున్నవారు రాబందులు తగ్గాయని లెక్క చెప్పగలిగారు. ఎందుకు తగ్గాయో చెప్పడానికి శవపరీక్ష చేయగలవారు కావలసివచ్చారు.

మనస్తత్వశాస్త్రం, నాడీశాస్త్రం

ఇందులో పక్షులు ఉంటాయని చాలామందికి తోచదు. కానీ కార్ల్ ఫాన్ ఫ్రిష్‌తో కలిసి 1973లో వైద్యరంగ నోబెల్ అందుకున్న కొన్రాడ్ లోరెంజ్ బాతుపిల్లల వెంట, నికో టిన్‌బర్గెన్ గల్ పక్షుల వెంట తిరిగి పేరు తెచ్చుకున్నవారే. పెద్దయిన మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవని శాస్త్రవేత్తలు గట్టిగా నమ్ముతున్న రోజుల్లో, ఫెర్నాండో నాటెబామ్ బృందం 1983లో ఎదిగిన కెనరీ అనే పాటపిట్టల మెదడులో అవి పుడుతున్నాయని చూపింది. పాట నేర్చుకునే పక్షి మనిషి మాట నేర్చుకునే తీరును వివరించడానికి పనికివస్తుంది కనుక ఈ ప్రయోగశాలల్లో వాటికి శాశ్వత స్థానం ఉంది. పంజరంలోని పక్షులతో, నియంత్రిత ప్రయోగాలతో పనిచేయడం మీకు సమ్మతమేనా అన్నది మాత్రం ముందే ఆలోచించుకోండి. కొన్ని ప్రయోగాల చివర పక్షిని చంపవలసి ఉంటుంది. చేరాక తెలిసి బాధపడేకన్నా ముందే తెలుసుకోవడం మేలు.

గణాంకాలు, కంప్యూటర్లు

లెక్కల్లో చురుకైనవారు, కదలకుండా కూర్చుని సమస్యను విప్పడంలో ఆనందం ఉన్నవారు ఈ దారిని తీసిపారేయకండి. నా దృష్టిలో అతి తక్కువ మంది తడుతున్న తలుపు ఇదే. 2002లో మొదలైన ఈబర్డ్‌లో ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు తాము చూసిన పక్షుల జాబితాలు నమోదు చేస్తున్నారు. రాత్రివేళ వలస పోయే గుంపులు వాతావరణ రాడార్‌కు మబ్బుల్లా చిక్కుతాయి. 2019లో వెలువడిన ఒక అధ్యయనం, ఉత్తర అమెరికాలో 1970 నాటితో పోలిస్తే దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని అంచనా కట్టింది. దశాబ్దాలుగా ఔత్సాహికులు నేలమీద చేసిన గణనలతో పాటు ఆ రాడార్ లెక్కలూ అందులో ఉన్నాయి. కూతను విని పక్షి పేరు చెప్పే బర్డ్‌నెట్ లాంటి సాధనాలు ఇప్పుడు అడవుల్లో నెలల తరబడి రికార్డయిన శబ్దాలను జల్లెడ పడుతున్నాయి.

ఈ దారిలో ఒక ప్రమాదం ఉంది. యంత్రం చెప్పిన పేరును నమ్మేముందు, ఆ పక్షి ఆ కాలంలో ఆ చోట ఉండదని చటుక్కున తట్టాలి. అది తట్టడానికి బయట తిరిగిన అనుభవం కావాలి. కనుక ఈ డిగ్రీ చదివేవారు వారానికి ఒక్క ఉదయమైనా పుస్తకం, పెన్సిలు, బైనాక్యులర్లు పట్టుకుని వెళ్లాలి. మరో మాట కూడా చెప్పాలి. ఎక్కువ దూరం నడవలేనివారు, చీకట్లో కొండలెక్కలేనివారు పక్షిశాస్త్రం తమది కాదనుకుని వెనక్కి తగ్గుతుంటారు. శబ్దాల విశ్లేషణ, వలస మార్గాల లెక్కలు, జన్యుక్రమాల పోలిక వారికి పూర్తిగా తెరిచి ఉన్న రంగాలు. దయచేసి వెనక్కి తగ్గకండి.

భూగర్భశాస్త్రం గురించి రెండు మాటలు. 1861లో జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాళ్లలో బయటపడిన ఆర్కియోప్టెరిక్స్ అనే ఆదిపక్షి శిలాజం, 1996లో చైనాలో వెలుగుచూసిన ఈకల డైనోసార్లు చెబుతున్నది పక్షులు డైనోసార్ల వంశమేనని. పక్షి ఎలా పక్షి అయిందన్న ప్రశ్న మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే ఇటు రండి. అవకాశాలు తక్కువ, ఆనందం ఎక్కువ.

సొరుగుల్లోని పక్షులు

డిగ్రీ ఎంపిక తరవాత చోటు ఎంపిక. నేను ర్యాంకుల పట్టికలను పక్కనబెట్టి మొదట అడిగేది, ఆ విశ్వవిద్యాలయానికి సొంత జంతు సంగ్రహాలయం ఉందా అని. బర్క్‌లీలో 1908లో ఏర్పడిన వెన్నెముక జీవుల సంగ్రహాలయం, లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయ సంగ్రహాలయం లాంటివి పక్షిశాస్త్రంలో ఎందరినో తయారుచేశాయి. పెద్ద పేరు అక్కర్లేదు. నాలుగు బీరువాలున్నా చాలు.

అలాంటి బీరువా సొరుగు లాగితే, దూది నింపిన పిట్టలు వెల్లకిలా వరసగా పడుకుని ఉంటాయి. కళ్ల చోట తెల్లని దూది. కాళ్లకు దారంతో కట్టిన చీటీ మీద తేదీ, చోటు, పట్టినవారి పేరు సన్నని చేతిరాతతో ఉంటాయి. ఒకే జాతి పిట్టలు ముప్పై పక్కపక్కన చూసినప్పుడు, పుస్తకంలో గీసిన బొమ్మ అబద్ధమని తెలుస్తుంది. ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకదాని రెక్క అరిగిపోయి ఉంటుంది, మరొకటి సగం కొత్త ఈకలతో ఉంటుంది. ఈ తేడాలను కొలిచే ఓపికే పరిశోధనకు మొదటి మెట్టు. గలాపగోస్ దీవుల్లో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఫించ్‌ల ముక్కులు కొలిచారు. 1977 కరవు తరవాత బతికినవాటి ముక్కులు సగటున కాస్త పెద్దవి. తేడా మిల్లీమీటరు కన్నా తక్కువ. ఆ చిన్న తేడాలో, పరిస్థితికి తగినవాటినే మిగిల్చే ప్రకృతి వరణం పనిచేస్తూ కనిపించింది.

సొరుగుల విలువ పక్షులు తగ్గుతున్నప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. బ్రిటన్‌లో పెరెగ్రిన్ ఫాల్కన్‌ల గుడ్లు గూట్లోనే పగులుతున్నప్పుడు, డెరెక్ రాట్‌క్లిఫ్ పాత సేకరణల్లోని గుడ్డుపెంకులను కొత్తవాటితో పోల్చారు. 1940ల చివరినుంచి పెంకు పలచబడిందని 1967లో ప్రకటించారు. డీడీటీ అనే పురుగుమందు వాడకం మొదలైన కాలంతో అది సరిపోయింది. పాత గుడ్లను ఎవరో జాగ్రత్తగా దాచి, తేదీ రాసి ఉండకపోతే ఆ పోలికే సాధ్యమయ్యేది కాదు.

చదివాక ఏం చేస్తారు?

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇదే. అడగడంలో తప్పులేదు. విశ్వవిద్యాలయ పరిశోధకుల ఉద్యోగాలు తక్కువ, వాటికి పీహెచ్‌డీ దాకా చదవాలి. డిగ్రీతోనే దొరికేవి అభయారణ్యాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, గాలిమరలూ ఆనకట్టలూ కట్టేముందు పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసే సంస్థల్లో ఉంటాయి. మొదటి కొన్నేళ్లు కాలానుగుణమైన పనులు, తక్కువ జీతం, తరచూ మకాం మార్చడం మామూలు. జీతమే లేని ‘అనుభవం’ పేరుతో నెలల తరబడి పనిచేయించుకునేవారూ ఉన్నారు. భోజనం, వసతి, శిక్షణ కూడా ఇవ్వని పనికి ఒప్పుకోకండి.

ఎవరూ ఊహించని ఉద్యోగాలు కూడా ఉన్నాయి. 1960లో బోస్టన్‌లో ఒక విమానం పైకి లేచిన కొద్ది క్షణాలకే కూలి 62 మంది చనిపోయారు. ఇంజన్లలో దొరికిన ఈకల తునకలను స్మిత్సోనియన్ సంస్థలోని రాక్సీ లేబోర్న్ పరిశీలించి, అవి స్టార్లింగ్‌లవని తేల్చారు. ఈక మొదట్లో ఉండే నూగును సూక్ష్మదర్శినిలో చూసి పక్షిని గుర్తించే ఒక శాస్త్రమే అలా రూపుదిద్దుకుంది. 2009లో న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగిన విమానం ఇంజన్లలోకి వెళ్లినవి కెనడా బాతులని తేల్చింది కూడా అక్కడి ప్రయోగశాలే. విమానాశ్రయాలకు ఈనాటికీ పక్షులు తెలిసినవారు కావాలి. పై డిగ్రీల్లో జంతుశాస్త్రం, జీవావరణం ఇటువంటి పనులకు బాగా పనికివస్తాయి. గణాంకాలు చదివినవారికి పక్షుల రంగంలో చోటు దొరక్కపోయినా మరోచోట దొరుకుతుంది. ఇంటి బాధ్యతలు తొందరపెడుతున్నవారు ఈ సంగతిని గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి.

రెండు సీట్లు చేతిలో ఉంటే

ఎక్కువగా వచ్చే చిక్కు ఇది. ఒకవైపు పేరుమోసిన విశ్వవిద్యాలయం, అక్కడ పక్షుల మీద పనిచేసేవారు ఎవరూ లేరు. మరోవైపు అంతగా పేరులేని చోటు. కానీ అక్కడ ఒక అధ్యాపకురాలు పదిహేనేళ్లుగా ఒకే చెరువు మీది కొంగల గూళ్లను లెక్కిస్తున్నారు. డిగ్రీ వరకైతే నేను రెండోదానికే ఓటు వేస్తాను. ఏళ్ల తరబడి ఒకచోట సాగుతున్న పరిశీలన ఉంటే, మొదటి సంవత్సరం విద్యార్థి కూడా వెళ్లిన రోజే ఉపయోగపడతాడు. తన చిన్న ప్రాజెక్టుకు వెనక పదిహేనేళ్ల లెక్కలు దొరుకుతాయి. పేరున్న చోటికి పైచదువుకు వెళ్లవచ్చు. అక్కడివారు దరఖాస్తులో చూసేది కూడా మీరు నిజంగా ఏం చేశారన్నదే.

ఈ సలహాకు ఒక మినహాయింపు ఉంది. చిన్న చోట మొత్తం ఆశ ఒక్క మనిషి మీదే ఉంటే, ఆ మనిషి రెండేళ్లలో పదవీవిరమణ చేస్తారేమో, సెలవు మీద వెళ్తారేమో కనుక్కోండి. నాకు తెలిసిన ఒక అమ్మాయి అలాగే చేరి, మొదటి సంవత్సరం ముగిసేలోగా ఆ అధ్యాపకుడు వెళ్లిపోవడంతో మిగతా చదువంతా ఎవరి అండా లేకుండా సాగించింది. చివరికి నెగ్గుకొచ్చింది గానీ, ఆ ఒంటరితనం ఆమెకు రాకుండా ఉండవలసింది.

విభాగాన్ని చూడటానికి వెళ్లినప్పుడు ప్రాంగణం అందం గురించి అడగకండి. చివరి సంవత్సరం ప్రాజెక్టు తప్పనిసరా, ఐచ్ఛికమా? అంశాన్ని విద్యార్థి ఎంచుకోవచ్చా, ఇచ్చింది చేయాలా? నిరుడు ఎవరైనా పక్షుల మీద చేశారా, ఆ నివేదికను చూపిస్తారా? క్షేత్ర శిబిరాల ఖర్చు రుసుములోనే ఉందా, విడిగా కట్టాలా? కట్టలేనివారికి సహాయం ఉందా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడి, తరవాత శిబిరానికి వెళ్లలేక ఆగిపోయినవారిని చూశాను. మొదటి రోజే అడగండి.

ఇప్పటికే వేరే డిగ్రీలో ఉన్నవారు కూడా నాకు రాస్తుంటారు. రసాయనశాస్త్రం చదువుతున్నాను, భాషాశాస్త్రం చదువుతున్నాను, ఇక ఆలస్యమైపోయిందా అని. మానేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవద్దు. ఈకల రంగులోనూ గుడ్డుపెంకులోనూ రసాయనశాస్త్రం ఉంది. పక్షి పాటలో యాసలున్నాయి, పిల్లపక్షులు వాటిని పెద్దల దగ్గర విని నేర్చుకుంటాయి. మీ విభాగంలోనే అలాంటి ప్రాజెక్టు అడగండి. పైచదువులో దారి మార్చుకోవచ్చు.

ఏ చోటు ఎంచుకున్నా, చేరకముందే అక్కడి అధ్యాపకుల్లో ఒకరికి జాబు రాయండి. చాలామంది రాయరు, అందుకే రాసినవారు గుర్తుంటారు. చిన్నప్పటినుంచీ పక్షులంటే ప్రాణమని మాత్రం రాయకండి, ఆ వాక్యం వారు వందసార్లు చదివి ఉంటారు. వారి పరిశోధన వ్యాసం ఒకటి చదివి, అర్థంకాని ఒక్క విషయం అడగండి. దాని కింద మీరు స్వయంగా చూసిన ఒక పక్షి గురించి నాలుగు వాక్యాలు రాయండి: ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతసేపు చూశారు, అది ఏం చేసింది.